తుప్పుపట్టిన పాత కత్తి దొరికింది: గ్రైండర్ పెట్టి మెరిపించవచ్చా?

పాతపెట్టె | శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. అటక మీద సామాను సర్దుతుంటే పాత పనిముట్ల పెట్టె అడుగున, గుడ్డలో చుట్టిన కత్తి ఒకటి దొరికింది. తాతయ్యదని అమ్మ అంటోంది. ఒకప్పుడు నూనెగుడ్డే కాబోలు, నూనె ఎప్పుడో ఆరిపోయి అట్టలా గట్టిపడి కత్తికే అతుక్కుపోయింది. విప్పితే పొరలు పొరలుగా ఎర్రపొడి రాలింది.

అలుగు (పిడి కాక మిగతా లోహపు భాగం) 20 సెంటీమీటర్లు, పిడి దగ్గర వెడల్పు 45 మిల్లీమీటర్లు, వెన్ను మందం 3 మిల్లీమీటర్లు. వాదర (కోసే అంచు) మీద మూడు నొక్కులున్నాయి, పెద్దది దాదాపు ఒక మిల్లీమీటరు లోతు. మొన కొద్దిగా ఎడమకు వంగింది. చెక్కపిడికి మూడు రివెట్లు, వాటిలో చివరిది కదులుతోంది. ఒక పక్క తుప్పు కింద ఏవో అక్షరాలున్నట్టు వేలికి తగులుతోంది, కంటికి కనిపించడం లేదు.

స్నేహితుడి దగ్గర బెంచి గ్రైండర్ ఉంది. దాని మీద తుప్పంతా లేపేసి, పాలిష్ చక్రంతో అద్దంలా మెరిపించి, పదును పెట్టిద్దామని నా ఆలోచన. గంటలో అయిపోతుందని వాడంటున్నాడు. సరేనా? అసలు ఇది కార్బన్ స్టీలేనా (స్టెయిన్‌లెస్ కాని, తుప్పుపట్టే ఉక్కు), ఎలా తెలుస్తుంది?


సానరాయి | శనివారం, ఉదయం 8:05

ముందు ఆ గ్రైండర్ ప్లగ్ పీకేయమనండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

కార్బన్ స్టీలా కాదా అని అయస్కాంతంతో చూడకండి, వంటింటి స్టెయిన్‌లెస్ కత్తులు కూడా చాలావరకు అయస్కాంతానికి అంటుకుంటాయి. మీరు చెప్పిన ఎర్రపొడే సగం సాక్ష్యం. మిగతా సగం కోసం, ఒకచోట గోరంత మేర తుప్పు గీకి, మెరిసే లోహం కనిపించాక ఒక చుక్క వెనిగర్ వేసి పది నిమిషాలు వదిలేయండి. బూడిదరంగు మచ్చ పడితే కార్బన్ స్టీలు. స్టెయిన్‌లెస్ అయితే చుక్క తుడిచాక ఏ గుర్తూ ఉండదు.

గీకేముందు వాదర మీద రెండు పొరల టేపు అంటించండి. ఎంత మొద్దుబారిన కత్తి అయినా తుప్పు రుద్దేటప్పుడు చెయ్యి జారితే కోయడం మరచిపోదు.


తుప్పులమారి | శనివారం, ఉదయం 8:31

గ్రైండర్ దగ్గర గంటలో పని అవుతుందన్న మాట అక్షరాలా నిజం. నాకు పావుగంటే పట్టింది. మా ఇంటి పాత కత్తికి నేనే స్వహస్తాలతో అంత్యక్రియలు చేశాను. నిప్పురవ్వలు భలే అందంగా ఎగిరాయి. వాదర వెంబడి మొదట గడ్డిరంగు, తర్వాత ఊదా, ఆ తర్వాత నెమలికంఠం నీలం వచ్చాయి. ఎంత బాగుందో అనుకుని ఫోటో కూడా తీశాను. ఆ వారం నుంచి ఆ కత్తికి ఎంత పదును పెట్టినా రెండు ఉల్లిపాయలు కోసేసరికి మళ్లీ గరిటెలా తయారయ్యేది.


లోహవైద్యుడు | శనివారం, ఉదయం 9:10

తుప్పులమారి గారు నవ్వుతూ చెప్పారు గానీ అందులో అసలు విషయం ఉంది. కత్తిని కొలిమిలో ఎర్రగా కాల్చి, నూనెలోనో నీళ్లలోనో ముంచితే ఉక్కు గాజులా గట్టిపడుతుంది, పెళుసుగా కూడా మారుతుంది. ఆ పెళుసుతనం తగ్గించడానికి మళ్లీ కాస్త వేడిచేస్తారు, వంటింటి కత్తులకైతే సాధారణంగా 150 నుంచి 230 డిగ్రీల సెల్సియస్ మధ్య. కత్తి గట్టిదనం ఆ వేడి దగ్గర ఆగిపోతుంది. తర్వాత ఎప్పుడైనా అంతకు మించి వేడెక్కితే గట్టిదనం ఇంకా దిగజారుతుంది. గడ్డిరంగు సుమారు 220 డిగ్రీల దగ్గర, నీలం 300 దగ్గర కనిపిస్తాయి. అంటే నీలం కనిపించిందంటే వాదర మెత్తబడిపోయిందన్నమాట.

వాదర కాగితమంత పలచగా ఉంటుంది కాబట్టి వేడి పోవడానికి దారి ఉండదు, చక్రం తగిలిన ఒకటి రెండు సెకన్లలోనే రంగు మారవచ్చు. నీలం వచ్చాక నీళ్లలో ముంచినా పోయిన గట్టిదనం తిరిగి రాదు. ఆ నీలం పడిన మేర అరగదీసి, కింది మంచి ఉక్కు దాకా వెళ్లడం ఒక్కటే దారి. తుప్పులమారి గారి కత్తికి ఇంకా ప్రాణం ఉందేమో, అంత్యక్రియలు తొందరపడి చేశారు.


పాతపెట్టె | శనివారం, మధ్యాహ్నం 1:15

గ్రైండర్ ఆలోచన మానుకున్నాను. వెనిగర్ చుక్క వేశాను, ఐదు నిమిషాలకే పొగరంగు మచ్చ పడింది. కార్బన్ స్టీలే.

ఇంకో సంగతి. అలుగంతా ఎర్రగా లేదు. పిడి వైపు మూడో వంతు నల్లగా, నున్నగా ఉంది, గోరుతో గీకినా రాలడం లేదు. ఎరుపంతా మొన వైపే. ఆ నలుపు కూడా తీసేయాలా? తళతళలాడాలంటే తీయక తప్పదు కదా?


రోజూవంట | శనివారం, మధ్యాహ్నం 1:48

ఆ నలుపు జోలికి వెళ్లకు తమ్ముడూ. అది మురికి కాదు, ఆ కత్తి సంపాదించుకున్న చర్మం. మీ తాతయ్యగారో, ఇంట్లో ఇంకెవరో ఏళ్ల తరబడి కోసి, కడిగి, తుడిచి పెడితేనే అలా వస్తుంది. దాన్ని గీకేస్తే మొదటి నుంచి మళ్లీ మొదలు.

నేను రోజూ మూడు పూటలా ఇలాంటి కత్తితోనే కోస్తాను. ఎవరైనా మా ఇంటికి వచ్చి ఆ కత్తి చూసి “సరిగా తోమలేదా?” అని అడిగినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.


లోహవైద్యుడు | శనివారం, మధ్యాహ్నం 2:20

అక్కగారు చర్మం అన్నది సరైన పోలిక. రెండూ ఇనుము, ఆక్సిజన్ కలిసినవే, స్వభావంలో మాత్రం తేడా ఉంది. ఎర్రతుప్పు గుల్లగా ఉంటుంది, తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే ఉబ్బి పెచ్చులూడుతుంది. పెచ్చు ఊడినప్పుడల్లా కింద కొత్త ఇనుము బయటపడుతుంది, తేమను కూడా ఆ గుల్లే పట్టి ఉంచుతుంది. నల్లపొర అలా కాదు, పలచగా, బిగుతుగా అతుక్కుని ఉంటుంది. పూర్తిగా తుప్పును ఆపలేదు గానీ దాని జోరు తగ్గిస్తుంది.

స్టెయిన్‌లెస్‌లో ఈ పని క్రోమియం చేస్తుంది. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే ఉక్కు మీద కంటికి కనిపించని ఆక్సైడు పొర ఏర్పడి, గీత పడినా తనంతట తాను పూడుకుంటుంది. కార్బన్ స్టీలుకు ఆ సదుపాయం లేదు, దాని పొరను మనమే పెంచి పోషించాలి.


కొత్తపదును | శనివారం, సాయంత్రం 4:02

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. అంత సేవ చేయాల్సినప్పుడు స్టెయిన్‌లెస్ కొనుక్కుంటే సరిపోదా? ఇంకో ప్రశ్న: కార్బన్ స్టీలు అని తెలిస్తే కత్తి వయసు చెప్పవచ్చా?


సానరాయి | శనివారం, సాయంత్రం 4:40

సరిపోతుంది. తుడిచే అలవాటు లేని ఇంట్లో స్టెయిన్‌లెస్ కత్తే మంచిది, ఇందులో నామోషీ ఏమీ లేదు. అయితే మామూలు కార్బన్ స్టీలు రాయి మీద తొందరగా అరుగుతుంది, పదును తేలికగా ఎక్కుతుంది. ఐదు నిమిషాలు రాయి మీద తిప్పితే వెంట్రుక తెగేంత పదును వస్తుంది. ఆ సుఖం మరిగినవాళ్లే ఈ సేవ చేస్తారు.

వయసు చెప్పలేం. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ స్టెయిన్‌లెస్ ఉక్కు తయారుచేసింది 1913లో. అంతకు ముందు కత్తులకు స్టెయిన్‌లెస్ లేదన్న మాట నిజమే. కానీ కార్బన్ స్టీలు కత్తులు ఈరోజుకీ తయారవుతున్నాయి కాబట్టి తుప్పును చూసి పుట్టిన సంవత్సరం లెక్కకట్టడం కుదరదు.


పాతపెట్టె | శనివారం, సాయంత్రం 6:30

సరే, నలుపు ఉంచుతాను. మరి ఎరుపు ఎలా తీయాలి? వెతికితే వెనిగర్‌లో నానబెట్టమని కొందరు, కరెంటు పెట్టమని కొందరు, నూనె వేసి రుద్దమని కొందరు రాశారు.


సానరాయి | శనివారం, రాత్రి 7:05

నూనె, ఓపిక. ముందు ఏదైనా పలచటి మినరల్ నూనె పూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున పాత బ్లేడును కత్తికి దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి తోస్తే ఎర్రటి పెచ్చులు లేచి వస్తాయి. తర్వాత సన్నని స్టీలు ఉన్ని, మళ్లీ నూనె. మొండికేసిన చోట మాత్రమే 400 నంబరు నీటి ఎమరీ కాగితం, చిన్న చెక్కముక్కకు చుట్టి, పిడి నుంచి మొనకు ఒకే దిశలో. అక్షరాలున్న చోట ఎమరీ ముట్టించవద్దు. ఆ అక్షరాల లోతు మహా అయితే వెంట్రుక మందం ఉంటుంది, నాలుగుసార్లు గట్టిగా రుద్దితే ఊరూ పేరూ లేకుండా పోతాయి.

పొడిగా రుద్దవద్దు. తుప్పు దుమ్ము ముక్కులోకి వెళుతుంది, ముఖానికి మాస్కు కట్టుకోండి.


కరెంటుశాల | శనివారం, రాత్రి 7:50

సానరాయి గారితో నాకు ఎప్పుడూ ఉండే తగువే ఇది. లోతైన గుంటల్లోని తుప్పు బ్లేడుకు అందదు. విద్యుద్విశ్లేషణ పెడితే లోహం అరగకుండా తుప్పు ఒక్కటే వదులవుతుంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చాకలిసోడా, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు. కత్తి రుణ ధ్రువానికి, ఒక పాత ఇనుపముక్క ధన ధ్రువానికి, రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ ముక్క ఎప్పుడూ పెట్టవద్దు, అందులోని క్రోమియం నీళ్లలోకి విషపదార్థంగా దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. వైరు కదిపే ముందు ఛార్జరు ఆపాలి.


చెక్కపని | శనివారం, రాత్రి 8:12

పిడి ఊడదీయకుండా ఆ తొట్టిలో ముంచితే చెక్క సోడానీళ్లు తాగి ఉబ్బుతుంది. వెనిగర్ అయినా అంతే. ఏం చేసినా పిడి తడవకుండా చేయండి. ఇనుపపనికీ చెక్కపనికీ మధ్య ఒకటే తేడా, చెడితే ఇనుము నెమ్మదిగా చెడుతుంది, చెక్క ఒక్క రాత్రిలో చెడుతుంది.


రోజూవంట | శనివారం, రాత్రి 8:20

వెనిగర్ పెట్టేవాళ్లు పక్కన కూర్చుని ఉండాలి. అరగంటకోసారి తీసి చూడాలి. 5 శాతం ఆమ్లమే కదా అని వదిలేస్తే తుప్పు అయిపోయాక అది మంచి ఉక్కును తినడం మొదలుపెడుతుంది. మన నల్లపొర కూడా పోతుంది.


పాతపెట్టె | ఆదివారం, ఉదయం 9:25

మీరందరూ తిట్టండి, పడతాను.

రాత్రి పొడవాటి గాజు సీసాలో వెనిగర్ పోసి, పిడి పైకి ఉండేలా కత్తిని వేలాడదీశాను. అరగంట కోసం అలారం కూడా పెట్టాను. అలారం మోగింది, ఆపాను, పడుకున్నాను. పొద్దున ఆరున్నరకు చూస్తే సీసా నిండా నల్లటి నీళ్లు, పైన నురుగు. తీసి కుళాయి కింద కడిగి గట్టు మీద పెట్టి, వచ్చిన ఫోను మాట్లాడి తిరిగి వచ్చేసరికి, పది నిమిషాలైనా కాలేదు, కత్తంతా నారింజరంగు!

మళ్లీ తుడిచి నూనె రాశాను. ఇప్పుడు అలుగంతా సీసంలా బూడిదరంగులో, చేత్తో తడిమితే గరుకుగా ఉంది. అక్కగారు ఉంచమన్న నలుపు పోయింది. అంతకంటే వింత ఒకటుంది. వాదర నుంచి ఒక 12 మిల్లీమీటర్ల ఎత్తున, పిడి నుంచి మొన దాకా ఒక అలలాంటి గీత కనిపిస్తోంది. గీత కింద ముదురు బూడిదరంగు, పైన లేత. రెండు పక్కలా ఉంది. పైభాగంలో చెక్కలో ఉండే చారల్లాంటివి కూడా ఉన్నాయి. కత్తి పగిలిపోతోందా?


సానరాయి | ఆదివారం, ఉదయం 9:41

తిట్టడం తర్వాత. ముందు గ్లాసు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి అలుగు మీద పోసి, కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిగాలి పెట్టండి. గుంటల్లో ఆమ్లం మిగిలితే ఎన్నిసార్లు నూనె రాసినా ఆ నారింజరంగు మళ్లీ మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత పక్కవెలుతురులో ఫోటో పెట్టండి. నాకు గుండె దడదడలాడుతోంది.


లోహవైద్యుడు | ఆదివారం, ఉదయం 10:03

పగలడం లేదు. మీ అలారం ఆపడం వల్ల కత్తి జాతకం బయటపడింది. అది రెండు లోహాల కత్తి అయి ఉండవచ్చు. మధ్యలో గట్టి ఉక్కు పలక, దానికి రెండు పక్కలా మెత్తటి ఇనుము, కొలిమిలో కాల్చి సమ్మెటతో కొట్టి అతికినవి. ఉక్కు ఖరీదైన రోజుల్లో కమ్మరులు కోసే చోట మాత్రమే ఉక్కు వాడేవారు. అలా చేస్తే కత్తి మొత్తం పెళుసు కాకుండా కూడా ఉంటుంది. కార్బన్ ఎక్కువున్న ఉక్కు ఆమ్లంలో ముదురురంగు తిరుగుతుంది, మెత్తటి ఇనుము లేతగా ఉంటుంది. పైన కనిపించే చారలు పాత ఇనుములో సాగిన మలినాల గీతలు కావచ్చు.

ఇంకో అవకాశం, మొత్తం ఒకే ఉక్కై, వాదర మేరకే గట్టిపరచి ఉండటం. అప్పుడూ ఇలాంటి అల కనిపిస్తుంది. తేల్చడానికి వెన్నును నున్నగా రుద్ది వెనిగర్ చుక్క వేయండి. మధ్యలో ముదురు గీత, అటూ ఇటూ లేత కనిపిస్తే అతికిన కత్తే.


పాతపెట్టె | ఆదివారం, ఉదయం 11:30

వెన్ను మీద ఒక సెంటీమీటరు మేర 400, 600, 1000 ఎమరీతో వరసగా రుద్ది చుక్క వేశాను. మూడు చారలు! మధ్యది పెన్సిలు గీతంత సన్నగా, నల్లగా ఉంది. సరిగ్గా మధ్యలో కూడా లేదు, కుడివైపుకు జరిగి ఉంది. ఎవరో చేత్తో కొట్టిన కత్తి ఇది. ఇంట్లో అందరినీ పిలిచి భూతద్దం పెట్టి చూపించాను. అమ్మ చాలాసేపు చూసి, “ఇంత చరిత్ర ఉన్నదాన్ని గ్రైండర్‌కు ఇద్దామనుకున్నావా” అంది.

ఆకురాయితో (ఇనుము అరగదీసే ఫైలు) కూడా చూశాను. గీత పైన ఆకురాయి కసుక్కున పట్టింది. గీత కింద గాజు మీద జారినట్టు జర్రున జారింది.


సానరాయి | ఆదివారం, మధ్యాహ్నం 12:10

ఆకురాయి జారిందంటే ఉక్కు గట్టిదనం చెక్కుచెదరలేదు. ఇక వాదర సంగతి.

ముందు ఒక హెచ్చరిక. గుంటలన్నీ పోయేదాకా అలుగు రుద్దాలనే కోరిక వస్తుంది. అణచుకోండి. పై ఇనుము పలచనైపోతే మధ్య ఉక్కుకు ఆసరా పోతుంది. గుంటలో తుప్పు లేకుండా ఉంటే చాలు, గుంట ఉండటం నేరం కాదు. వాదరకు తగిలే గుంటే అసలు సమస్య, పదును పెడుతున్నకొద్దీ అక్కడ చిన్న పన్ను ఊడినట్టు ఉంటుంది. ఇంకొన్నిసార్లు పదును పెట్టేసరికి అదీ దాటిపోతుంది.

నొక్కులకు రెండు దారులు. మొదటిది, 220 నంబరు సానరాయి (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన) మీద కత్తిని నిలువుగా పెట్టి, రాయిని కోస్తున్నట్టు లాగి వాదరను ఒక మిల్లీమీటరు తగ్గించడం. చూడటానికి గుండె తరుక్కుపోతుంది, పని మాత్రం శుభ్రంగా అవుతుంది. రెండోది, చిన్నవి రెండూ వదిలేసి పెద్దదాన్ని సగం తగ్గించడం. మిగతాది రాబోయే ఏళ్ల సానే చూసుకుంటుంది. నేనైతే రెండోదే చేస్తాను. అన్ని నొక్కులూ ఒక్కరోజే పోవాలని కత్తి అడగదు, అడిగేది మన కన్ను.


కొత్తపదును | ఆదివారం, మధ్యాహ్నం 12:45

కోణం ఎలా తెలుస్తుంది? నా చెయ్యి ఒక్కో తోపుకు ఒక్కోలా లేస్తుంది.


సానరాయి | ఆదివారం, మధ్యాహ్నం 1:20

పాతపెట్టె గారి కత్తి వెడల్పు 45 మిల్లీమీటర్లు. మామూలు పెన్సిలు మందం దాదాపు 7 మిల్లీమీటర్లు. రెండు పెన్సిళ్ల ఎత్తు, అంటే 14 మిల్లీమీటర్లు, వెన్ను రాయి మీద నుంచి లేస్తే కోణం 18 డిగ్రీల చుట్టూ వస్తుంది. వంటింటి కత్తికి ఒక్కో పక్కకు 15 నుంచి 20 డిగ్రీలు బాగుంటుంది. మొదట పెన్సిళ్లు పెట్టి ఎత్తు చూసుకోండి, తర్వాత తీసేయండి, చేతికి గుర్తుంటుంది.

గుర్తుండకపోతే వాదర అంచున మార్కరు సిరా పూయండి. రాయి మీద నాలుగు తోపులు తోసి చూడండి. సిరా పైభాగంలో పోయి అంచున మిగిలితే కత్తిని మరీ పడుకోబెట్టారు. అంచునే పోతే మరీ లేపారు. మొత్తం పోతే సరిగ్గా ఉంది.

220 మీద ఒక పక్కే తోస్తూ పోండి, రెండో పక్క అంచున సన్నని రేకు లేచేదాకా. దీన్నే బర్ అంటారు. వేలిని వాదర వెంబడి కాకుండా వెన్ను నుంచి అంచువైపు బయటకు జార్చి చూడాలి, లేదా దూదిని అలాగే లాగండి, పీచు చిక్కుకుంటుంది. పిడి నుంచి మొన దాకా బర్ లేవందే పక్క మార్చవద్దు. పదును రాలేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. తర్వాత 1000, ఇష్టమైతే 3000. చివర్లో ఒత్తిడి తగ్గిస్తూ, ఒక్కో పక్కకు ఒక్కో తోపు చొప్పున మారుస్తూ బర్‌ను బలహీనపరచి, తోలుపట్టీ మీద వెన్ను ముందుకు ఉండేలా లాగితే మిగిలినది రాలిపోతుంది. తోలు మీద ఎప్పుడూ వాదర ముందుకు తోయవద్దు, తోలు తెగుతుంది.


చెక్కపని | ఆదివారం, మధ్యాహ్నం 2:00

పిడి గురించి ఎవరూ మాట్లాడరేం? కదిలే రివెట్టు దగ్గర సందు ఉంటుంది. సందులోకి నీళ్లు వెళతాయి, లోపలి ఇనుపతోక తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బుతుంది, ఉబ్బిన తుప్పు చెక్కను చీలుస్తుంది. పాత కత్తుల పిడులు చీలడానికి పెద్ద కారణం ఇదే.

చెక్క అటూ ఇటూ ఊగకపోతే రివెట్లు పీకవద్దు. రెండు రోజులు బాగా ఆరనిచ్చి, సందులోని మురికిని సూదితో లాగి, పలచటి రెండు భాగాల ఎపాక్సీ జిగురును పుల్లతో దింపి, బిగింపు పెట్టి ఒక రోజు వదిలేయండి. నిజంగా ఊగుతుంటే రివెట్టు తలను డ్రిల్లుతో తీసి, కింద చెక్కదిమ్మె ఆసరా పెట్టి మేకుతో కొట్టాలి. ఆసరా లేకుండా కొడితే చెక్క పెచ్చు లేస్తుంది.

పైన అవిసెనూనె పూయండి, పలచగా, పొరకూ పొరకూ మధ్య ఆరనిచ్చి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయవద్దు. ఆరే క్రమంలో ఆ నూనె వేడిని పుట్టిస్తుంది, ముద్దగా ఉన్న గుడ్డ దానంతట అదే అంటుకోవచ్చు. ఆరుబయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో తడిపి రేకు డబ్బాలో మూత పెట్టండి.


పాతపెట్టె | మరుసటి ఆదివారం, సాయంత్రం 5:15

వారం పట్టింది. చెప్పినవన్నీ చేశాను, అలారం కూడా ఆపలేదు.

220 మీద మొదటి పక్క గంటన్నర పట్టింది. రాయి మీద నల్లటి బురద, మోచేతుల దాకా నీళ్లు. మొన దగ్గర బర్ రానే రాదు, చేతకాక వదిలేద్దామనుకున్నాను. సిరా పూసి చూస్తే మొన దగ్గరకు వచ్చేసరికి నా మోచెయ్యి దిగిపోతోంది. అక్కడ మోచెయ్యి కొంచెం లేపాను, అంతే, ఎనిమిదో తోపుకు వేలికొసకు తగిలింది. వెంట్రుక అతుక్కున్నట్టుంది, గోరు ఆనిస్తే కిర్రుమంది. ఇంతసేపూ మీరందరూ బర్ బర్ అంటున్నది ఇదా అని ఒక్కడినే నవ్వుకున్నాను.

1000 తర్వాత కాగితం పట్టుకుంటే చప్పుడు లేకుండా దిగింది. పెద్ద నొక్కు సగం మిగిలింది. చిన్నవి రెండింటిలో ఒకటి పోయింది.

అక్షరాలు: స్టీలు ఉన్ని, నూనెతో మెల్లగా రుద్దితే మూడు బయటపడ్డాయి. మొదటిదాన్ని తుప్పు తినేసింది. మిగిలిన రెండూ తాతయ్య పేరువి కావు. ఎవరివో అమ్మకూ తెలియదు.


రోజూవంట | మరుసటి ఆదివారం, సాయంత్రం 5:40

శభాష్ తమ్ముడూ. ఇప్పుడు దాన్ని మొదటి నెల పసిబిడ్డలా చూసుకో. పొర పోయింది కాబట్టి పులుపు తగలగానే ఇనుపవాసన వేస్తుంది, ఉల్లిపాయ కోసిన చోట నల్లబడవచ్చు. భయపడకు. పుల్లటివి కోసేటప్పుడు మధ్యమధ్యలో తడిగుడ్డతో తుడువు. పని అవగానే కడుగు, తుడువు, పొడిగుడ్డతో మళ్లీ తుడువు. గిన్నెలు తోమే యంత్రంలో వేయకు, నీళ్లు కారే జల్లిలో నిలబెట్టకు.

వెనిగర్ గుడ్డ చుట్టి, కాఫీలో ముంచి పొర తెప్పించే చిట్కాలు చాలామంది చెబుతారు. పనిచేస్తాయి కూడా. నాకెందుకో నచ్చవు, జుట్టుకు తెల్లరంగు వేసుకుని పెద్దరికం తెచ్చుకున్నట్టు ఉంటుంది.


లోహవైద్యుడు | మరుసటి ఆదివారం, సాయంత్రం 6:15

అక్కగారితో ఒక్కచోట విభేదిస్తాను. ఈ కత్తికి రెండు పక్కలా ఉన్నది మెత్తటి ఇనుము, మలినాల గీతలున్నది, ఆపై గుంటలు. ఆగి ఆగి పొర వచ్చేదాకా ఎర్రతుప్పు ఊరుకోదు. చల్లారిన చిక్కటి కాఫీలో ఓ రెండు గంటలు అలుగు ముంచి, తీసి కడిగి ఆరబెడితే ముదురు పొర వస్తుంది. దాని మీద రోజువారీ వాడకంతో వచ్చేది ఎలాగూ వస్తుంది.

నూనె విషయంలో జాగ్రత్త. వంటనూనెలు చాలావరకు గాలి తగిలి జిగురుగా మారతాయి, కొన్నాళ్లకు ముక్కవాసన వస్తుంది. ఆహారానికి తగిన మినరల్ నూనె ఆరదు, ముక్కిపోదు. నాలుగు చుక్కలు వేసి, దాదాపు తుడిచేసినంతగా తుడవాలి.


కొత్తపదును | మరుసటి ఆదివారం, రాత్రి 7:02

తోలు ఒర కుట్టించి అందులో పెడితే బాగుంటుంది కదా?


సానరాయి | మరుసటి ఆదివారం, రాత్రి 7:20

తీసుకెళ్లడానికి ఒర, దాచడానికి కాదు. తోలు తేమ పీలుస్తుంది, తోలును శుద్ధి చేసేటప్పుడు వాడిన లవణాలు కూడా అందులో మిగిలి ఉండవచ్చు. నెలలపాటు ఒరలో ఉంచి తీస్తే ఒర ఆకారంలోనే తుప్పు ఉంటుంది. గాలి తగిలేచోట, నూనె రాసి తుడిచి, పొడికాగితంలో చుట్టి పెట్టండి. ఆ అటక మీది గుడ్డలాంటిదానిలో మాత్రం వద్దు.


పాతపెట్టె | రెండు నెలల తర్వాత, బుధవారం, రాత్రి 8:55

ఎవరైనా ఇంకా చూస్తున్నారేమో తెలియదు, అయినా చెప్పాలనిపించింది. కాఫీ పెట్టాను. రెండు గంటలే, వంటింట్లోనే కూర్చుని కాపలా కాశాను. ఇప్పుడు గీత కింద నీలం, పైన పొగరంగు. నిమ్మకాయ తగిలిన చోట పావురం మెడలా రంగులు తిరుగుతున్నాయి.

పోయిన వారం ఇంట్లో చుట్టాలున్నప్పుడు ఎవరో సింకులో వదిలేశారు. పొద్దున మూడు నారింజ చుక్కలు. సీసా బిరడా ముక్కకు తడిపిన వంటసోడా అద్ది రుద్దితే రెండు నిమిషాల్లో పోయాయి, కింది పొర అక్కడ మాత్రం కాస్త పలచబడింది. ఎవరినీ ఏమీ అనలేదు. కత్తికి గోడ మీద వేరే చోటు పెట్టాను, కొంచెం ఎత్తులో.


తుప్పులమారి | రెండు నెలల తర్వాత, బుధవారం, రాత్రి 9:10

చూస్తూనే ఉన్నాం. మీ చర్చ చదివి నేను కూడా నా నీలం కత్తిని బయటకు తీసి, 220 మీద రెండు మిల్లీమీటర్లు తినిపించాను. నిన్న ఉల్లిపాయలు రెండు కాదు, ఏడు కోశాను. లోహవైద్యుడు గారూ, బతికే ఉంది.

పాతపెట్టె గారూ, అంతా చెప్పారు గానీ ఆ వంగిన మొన సంగతి?


పాతపెట్టె | రెండు నెలల తర్వాత, బుధవారం, రాత్రి 9:22

ఇంకా వంకరగానే ఉంది. వంచి సరిచేద్దామంటే లోపలి ఉక్కు విరుగుతుందేమోనని భయం.


సానరాయి | రెండు నెలల తర్వాత, గురువారం, ఉదయం 6:30

భయం సరైనదే, చల్లగా ఉండగా వంచవద్దు. ఎప్పటికైనా విసుగు పుడితే వాదర వైపు కాకుండా వెన్ను వైపు నుంచి రాయి మీద అరగదీసి మొనను కిందికి దించండి, వంకర ఉన్న రెండు మిల్లీమీటర్లూ అందులో పోతాయి. మరోమాట, రాయి అంటే రాయి. గ్రైండర్ కాదు.